పదకొండు రూపాయల బిళ్ళ

పర్లాకిమిడి మున్సిపాలిటీ మెట్ల పక్కన
నాదొక మడత కుర్చీ, ఒక అట్ట, రెండు పెన్నులు.
తెలుగులో చెప్పుకున్న బాధను
ఒడియాలోకి అర్జీగా దించడం నా పని.
కాగితానికి ముప్పై. గొడవ ఉంటే నలభై.

ఆ సోమవారం లోలుగు గవరయ్య వచ్చాడు,
చిన్నరైలు రోజుల్లో పట్టాల గ్యాంగు మనిషి.
చంకలో ఒక యంత్రం: పొడుగు కర్ర, చివర పళ్ళెం.
పాత ఇనుము పాత్రో దగ్గర
గంటకు అరవై చొప్పున అద్దెకు తెచ్చాడట.
"పార్కులో ఎతుక్కోవాల బాబూ, కాయితం రాయి."

బంతి ఆడరాదు, పువ్వు కోయరాదు, మేకలు రారాదు
అన్న బోర్డు మీద ఈ యంత్రం పేరు లేదు.
పేరు లేనిదాన్ని రానివ్వాలో వద్దో తెలియక
వాచ్‌మన్ బిసోయి ఆపడమే మేలనుకున్నాడు.

"ఏం పోయింది?"
"బిళ్ళ. ఇత్తడి బిళ్ళ. నలబై ఏడో నెంబరు.
ఇప్పుడు ఉయ్యాలున్న కాడే మా పనిముట్ల కొట్టు.
ఆకరి చిన్నరైలు ఎల్లిపోయిన సాయంత్రం
తోపులాటలో సొక్కా చిరిగి రాలిపోనాది.
నానే అమ్మీసినానన్నారు.
జీతంలో పదకొండు రూపాయలు కోసీసినారు."

లోపలికెళ్ళి హెడ్ క్లర్కును అడిగాను.
అద్దాలు తుడుచుకుని నియమాలు చెప్పాడు,
కొన్ని ఉన్నవి, కొన్ని నోట్లో అప్పుడే పుట్టినవి.
ఆదివారం, ఆరు నుంచి ఎనిమిది.
గునపం వద్దు. పుల్లతో గోకుకోవచ్చు, జానెడు లోతు.
ఎవరి జాన అంటే తన చెయ్యే చాపాడు, చిన్న చెయ్యి.
తీసిన గుంట పూడ్చాలి. సిమెంటు ముట్టరాదు.
ఇంకొకటి, ఇది మాత్రం తెల్లవాడి కాలపు చట్టం:
నేలలో దాగిన సొత్తు పది రూపాయలు దాటితే నిధి.
కలెక్టరుకు కబురు పోవాలి.
"విలువెంతో అర్జీలో రాయించు."

మెట్లు దిగి కూర్చున్నాక పెన్ను అక్కడే ఆగింది.
పదకొండంటే నిధి. నిధంటే ఫైలు.
ఈయన ఆయుష్షు ఫైలు నడక కంటే పొట్టిది.
"తొమ్మిదని రాద్దాం."
"పదకొండు కోసినారు."
"రెండు రూపాయలే గదయ్యా."
"పదకొండు, బాబూ."

ఒడియాలో ఒకటి కొక్కెంలా ఉంటుంది.
రెండు కొక్కేలు పక్కపక్కన వేస్తే పదకొండు.
నేను ఒక్క తొమ్మిది వేశాను.
గొడుగులు పట్టుకు నిలబడ్డ ఆ అక్షరాల గుంపులో
ఆయనకు ఏదీ తెలీదు. వేలిముద్ర వేశాడు.
ముప్పయ్యే తీసుకున్నాను.

ఆదివారం నేనూ వెళ్ళాను, ఎందుకో.
యంత్రం కూసింది, సోడా మూత. మళ్ళీ కూసింది, జడపిన్ను.
తుప్పు మేకు, సైకిల్ బెల్లు టోపీ,
ఎవరి బీరువాదో తాళంచెవి.
బిసోయి ఒక్కోటీ రిజిస్టరుకెక్కించాడు.
విలువ గడిలో సున్నా, సున్నా, సున్నా,
చెల్లని పావలాకూ సున్నాయే.

ఉయ్యాల దగ్గర మాత్రం అది ఆగకుండా అరిచింది.
ఉయ్యాల కాళ్ళు సిమెంటులో, సిమెంటులో ఇనప చువ్వలు.
చువ్వల్ని చూసి అరిచిందో బిళ్ళను చూసి అరిచిందో
దానికీ తెలీదు.
గవరయ్య పుల్ల పక్కన పెట్టాడు.
చెప్పు విప్పి
సిమెంటు మీద ఒక పాదం మోపాడు.
ఎనిమిదైంది. బిసోయి ఈల వేశాడు.
పిల్లలు ఉయ్యాలకి వరస కట్టారు.

మంగళవారం మళ్ళీ వచ్చాడు.
"ఆ కాయితం నకలు ఇప్పించు.
బిళ్ళొకటుండేదని సర్కారుకి తెలిసింది గదా, సాలు.
ఓపాలి తెలుగులో సదివి ఇనిపించు."
చదివాను. నలభై ఏడో నెంబరు. ఇత్తడిది. పైన కన్నం.
విలువ దగ్గరకొచ్చేసరికి
నా కళ్ళు తొమ్మిది మీదున్నాయి.
"పదకొండు రూపాయలు" అన్నాను.
"అదీ" అన్నాడు.

నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు,
బిళ్ళ ఉండే వైపు.
మనవరాలికి చూపిస్తాడట.
ఒడియా బడిలో రెండో తరగతి.
అంకెలు వచ్చేసి ఉంటాయి.